పవర్‌హౌసు చూసింది మా అత్త

నీటితో కరెంటు ఎలా పుడుతుందో మార్కాపురంలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఇప్పుడది రాస్తుంటే సిగ్గుగా ఉందని అనాలి గానీ, లేదు. నిజంగానే ఎవరికీ తెలియదు. ఊళ్ళో కరెంటు స్తంభమే లేదు. రాత్రయితే కిరసనాయిలు బుడ్డి, పెళ్ళయితే అద్దెకు తెచ్చిన పెట్రోమాక్సు, అంతే.

పలకల కార్ఖానాలో పలకలకు చెక్కచట్రాలు బిగించే పని నాది. అయిదో తరగతితో బడి మానేశాను. సాయంత్రం పని దిగాక చేతులకంటిన రాతిపొడి కడుక్కుని పఠనమందిరానికి పోయి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. అక్కడున్న రెండు బీరువాల్లో నేను ముట్టని పుస్తకం లేదు. మద్రాసు నుంచి వచ్చే పత్రికల్లో శాస్త్రవిషయాలు ఎక్కడ పడినా రెండేసి సార్లు చదివేవాణ్ణి. పైనుంచి నీరు పడుతుంది, చక్రం తిరుగుతుంది, చక్రం ఇరుసు అయస్కాంతాల మధ్య తీగచుట్టను తిప్పుతుంది, తీగలో కరెంటు పుడుతుంది. పగిలిన పలకముక్కల మీద ఈ బొమ్మ ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు. నీటి చుక్కలతో సహా వేసేవాణ్ణి.

ప్రతి శనివారం పఠనమందిరంలో ఎవరో ఒకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడేవారు. ఎక్కువగా భారతం, అప్పుడప్పుడు ఖద్దరు. నేను కరెంటు మీద మాట్లాడతానని కార్యదర్శిని అడిగాను. ఆయన రిటైరైన బడిపంతులు. కళ్ళజోడు పైనుంచి చూశారు.

"చదివింది చెప్పేదానికి నువ్వెందుకప్పా? పుస్తకం బీరువాలోనే ఉండాది గదా, కావాల్సినోళ్ళు తీసుకోని చదువుకుంటారు. కళ్ళారా చూసినోడివైతే రా, కుర్చీ వేయిస్తా."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. చదివింది చదువు కాదట, చూసిందే చదువట. ఇరవై రెండేళ్ళ పలకల పనివాడు ఎక్కడికి పోయి చూస్తాడు? చక్రం తిరగడం నా కళ్ళతో చూసి వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. అప్పట్లో నాకు అంతకు మించిన కోరిక లేదు.

అవకాశం మా మామ రూపంలో వచ్చింది. ఆయన కంభం చెరువు కింద నీరుగంటి. అంటే తూములెత్తి, దించి, ఏ పొలానికి ఎప్పుడు నీరు పారాలో చూసేవాడు. ఆ ఏడు కార్తీకంలో వానలు దంచికొట్టి చెరువు నిండి, కట్టకు ఒకచోట తడి ఊరింది. కట్ట నిలబడితే చెప్పులు లేని కాళ్ళతో శ్రీరంగం వచ్చి వైకుంఠ ఏకాదశికి దర్శనం చేసుకుంటానని ఆయన మొక్కుకున్నాడు. కట్ట నిలబడింది. స్టేషన్ల పేర్లు చదివేవాడు కావాలి కాబట్టి నాకు కబురొచ్చింది.

"నేను వస్తా మామా. కాకపోతే సేలం దగ్గిర మెట్టూరులో ఒక పూట దిగాల" అన్నాను.

మా అత్త చేటలో బియ్యం ఏరుతూ అడిగింది: "ఆడ ఏ దేవుడు?"

"దేవుడు కాదత్తా. కావేరికి ఆనకట్ట కట్టి ఆ నీళ్ళతో కరెంటు పుట్టిస్తాండారు. దూరదూరం నుంచి జనం చూసేదానికి పోతాండారు."

"కావేరమ్మ ఉండాది గదా, చాల్లే" అని ఇంకో పొట్లం పసుపు, కుంకుమ మూటలో పెట్టుకుంది.

కంభం స్టేషనులో బండి వచ్చే వేళకు మామ నా కాళ్ళవైపు చూశాడు.

"అవి ఇడువు."

"మొక్కు నీది గదా మామా?"

"నాదే. నేను కాళ్ళు కాల్చుకోని నడుస్తాంటే పక్కన నువ్వు కిర్రుకిర్రుమని వస్తాంటే, రంగనాయకులు నా మొక్కు చూస్తాడా, నీ చెప్పులు చూస్తాడా?"

మా వైపు ముళ్ళనేలల్లో చెప్పు లేకుండా ఇంట్లోంచి బయట అడుగు పెట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకే తెలుసు. అయినా ఏం చేస్తాను? బండి ఎక్కించడానికి వచ్చిన జీతగాడి చేతిలో చెప్పులు పెట్టాను. ఆ చెప్పులు ఎంత పని చేయబోతున్నాయో అప్పుడు నాకు తెలియలేదు.

గుంతకల్లులో మారాం, బెంగుళూరులో మారాం, జోలార్‌పేటలో మారాం. దారి పొడుగునా వాళ్ళిద్దరికీ కరెంటు గురించి చెప్పాను. మామ నిద్రపోయాడు. అత్త వేరుశనక్కాయలు ఒలుస్తూ, నేను అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఇది ఏ ఊరు?" అని అడిగింది. ఊరి పేరు చెప్పి, మళ్ళీ నీటి దగ్గర్నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ధర్మవరం నుంచి హిందూపురం దాకా నా చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

మెట్టూరులో దిగాక ఆనకట్ట కనిపించింది. కొండకూ కొండకూ మధ్య గోడ కట్టినట్టుంది. నేను నోరు తెరిచాను. మామ నడుం మీద చేతులు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"రాయీ సున్నమూ" అన్నాడు.

"ఎట్ల ఉంది మామా?"

"రాయి నిలబడితే ఏముందిరా? అది దానంతటదే నిలబడతాది. మట్టికట్టను నిలబెట్టేదాంట్లో ఉండాది పని."

అంతే. మళ్ళీ ఆనకట్ట ఊసెత్తలేదు.

ఆనకట్ట కింద తోట. అది తోటా, తిరనాళా అన్నట్టుంది. పట్టుచీరలవాళ్ళు జమఖానాలు పరుచుకుని టిఫిను క్యారియర్లు విప్పుతున్నారు. సోడాలు, మురుకులు, బొమ్మలు అమ్ముతున్నారు. ఇంత శాస్త్రం పక్కనే ఉంటే ఒక్కడూ అటు తిరిగి చూడకుండా పులిహోర తింటున్నారు. నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. తరువాత మా అత్త కూడా కూర్చుని సద్దిమూట విప్పింది. అప్పుడు మా వాళ్ళ మీద కూడా వచ్చింది.

పవర్‌హౌసు లోపలికి పోవడానికి ఆఫీసులో చీటీ తీసుకోవాలి. దాని కోసం నేను నిఘంటువు పక్కన పెట్టుకుని, రెండు వారాలు కష్టపడి ఇంగ్లీషులో అర్జీ రాసుకుని వచ్చాను. మొదటి వాక్యంలో నా విద్యాదాహం గురించి రాశాను. గుమాస్తా దాన్ని విప్పనైనా లేదు. మా ముగ్గురినీ చూసి, చిన్న కాగితం మీద మూడు అంకె వేసి తోశాడు. ఆ అర్జీని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. కనీసం దస్తూరీ అయినా చూడాల్సింది.

గేటు దగ్గరికి చేరేసరికి మూడు కావస్తోంది. అప్పుడు లోపలికి పోయేదే ఆ రోజుకి ఆఖరి జట్టు. సాయంత్రం బండి అందుకుంటేనే తెల్లవారి ఏకాదశి దర్శనానికి శ్రీరంగంలో ఉండగలం. తిరుగు టిక్కెట్లు మద్రాసు మీదుగా. అంటే నా బతుకులో ఈ గేటు ముందు నేను నిలబడేది ఈ ఒక్కసారే.

గేటు కావలివాడు చీటీ చూడలేదు. మా కాళ్ళు చూశాడు.

"చెప్పు లేదు" అన్నాడు తెలుగులోనే. ఒకప్పుడు గుంతకల్లులో రైల్వే పని చేశాడట. "వట్టి కాలితో లోపల విడిచేది లేదు. రూలు."

నాకు కాళ్ళ కింద నేల జారిపోయినట్టయింది. ఆ వట్టికాళ్ళ కిందనే. ఏ పుస్తకంలోనూ ఈ సంగతి రాయలేదు. చక్రం గురించి రాశారు, అయస్కాంతం గురించి రాశారు, చెప్పులు వేసుకుని పొమ్మని ఒక్క మహానుభావుడూ రాయలేదు.

గేటు పక్కన ఒక చెక్కపెట్టె ఉంది. చెప్పుల్లేకుండా వచ్చేవాళ్ళ కోసం రబ్బరు అడుగులున్న కాన్వాసు బూట్లు అందులో ఉంచుతారట. ఆ రోజు ఏదో కాలేజీ జట్టు గుడి చూసుకుని అటునుంచి అటే వట్టికాళ్ళతో వచ్చి అన్నీ వేసుకుని పోయింది. పెట్టెలో ఒక్క జత మిగిలింది. చిన్నది.

నేను తొడిగాను. వేళ్ళు పట్టాయి. మడమ బయటే ఉండిపోయింది.

"మడమ బయట ఉంది" అన్నాడు కావలివాడు.

"వేళ్ళ మీద నడుస్తా."

"వేళ్ళ మీద నడిచేవాళ్ళని విడవమని రూలు లేదు."

నేను ఊరుకోలేదు. కరెంటు నేలలో ఉండదని, తీగల్లో ఉంటుందని, తీగల్ని పింగాణీ మీద నిలబెడతారని, రబ్బరులోంచి కరెంటు ఎందుకు పోదో, సిమెంటు నేల మీద నిలబడితే ఏమవుతుందో, నాకు తెలిసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నా వెనక జనం పోగయ్యారు. అతను ఓపిగ్గా విన్నాడు.

"అంతా తెలిసినవాళ్ళు" అన్నాడు, "చెప్పు వేసుకుని రావద్దా?"

నేను మామవైపు తిరిగాను. ఆయన ఆకాశం చూస్తున్నాడు.

"నావైపు చూడాకు. ఆ బూట్లు నాకు పట్టినా నేను వేసుకోను. మొక్కు."

ఇంతలో మా అత్త కింద కూర్చుంది. నా కాలి నుంచి లాగేసిన బూట్లను అటూ ఇటూ తిప్పి చూసి, పాదం పెట్టింది. సరిపోయింది. రెండోది పెట్టింది. లేచి నిలబడింది.

"ఏంది, నువ్వూ మొక్కులో ఉండావు గదనే" అన్నాడు మామ.

"మొక్కు నీది. నన్నడిగి మొక్కినావా?"

"అత్తా, నువ్వు పోయి ఏం చూస్తావు?" అన్నాను.

"ఏం చూడాల్నో నువ్వు చెప్పు. చూసొస్తా."

లోపలికి పోయే జట్టు కదులుతోంది. ఆ కాస్త వ్యవధిలో నేను ఎన్ని చెప్పాలి? చక్రాలెన్నో చూడు. నిలువుగా ఉన్నాయా, పడుకోబెట్టారా చూడు. నీళ్ళు పైనుంచి పడుతున్నాయా, పక్కనుంచి వస్తున్నాయా చూడు. కుడికి తిరుగుతున్నాయా, ఎడమకా చూడు. ఆమె ప్రతిదానికీ "ఊ" అంది. జట్టులో ఉన్న ఒక అరవ ఇల్లాలు చెయ్యి ఊపి రమ్మని పిలిచింది. మా అత్త పుట్టి బుద్ధెరిగి బూట్లు వేసుకున్నది కాదు. బురదమడిలో నడిచినట్టు ఒక్కొక్క కాలూ ఎత్తెత్తి వేస్తూ, కొంగున పసుపు కుంకుమల పొట్లం పట్టుకుని లోపలికి పోయింది. తలుపు మూశారు.

మామ అప్పటికే నీళ్ళు బయటికి వచ్చే కాలువ దగ్గరికి చేరాడు. నీరు నురుగు కక్కుతూ దూకుతోంది. ఆయన కేక వినిపించింది.

"యోవ్! ఎవురి వంతురా ఇది?"

పరుగెత్తుకుంటూ పోయాను. "మామా, ఇది తూము కాదు. చక్రాలు తిప్పి బయటికి వచ్చే నీళ్ళు."

"తిప్పనీ. తిప్పినాక ఎవురికి పోతాండాయి? పొలం ఏడ? గట్టున ఒక్క రైతన్నా నిలబడుకోనుండాడా?"

"తంజావూరు పోతాయంట. అక్కడ పారతాయంట పొలాలకు."

"అదెంత దూరం?"

"మనం రేపు దిగే శ్రీరంగం కంటే అవతల."

మామ నన్ను జాలిగా చూశాడు. "ఈడ ఇడిస్తే ఆడికి పోతాయా? నడిమినున్నోళ్ళు ఇడుస్తారా? ఎవురు చెప్పినార్రా నీకు, పుస్తకమా?"

ముప్పావు గంట ఆ కాలువ గట్టున కూర్చుని, నీటి దొంగతనాల గురించి మామ చెప్పింది విన్నాను. ఏ తూము కింద ఎవరు గండి కొట్టారో, ఎవరి మడికి ఎవరు అడ్డం వేశారో. గోడకు అవతల నేను ఇన్నేళ్ళు కాగితం మీద చూసిన చక్రం తిరుగుతోంది. నేను కంభం చెరువు దగ్గరే ఉన్నాను.

తలుపు తెరిచారు. అత్త వచ్చింది. బూట్లు విప్పి, దుమ్ము దులిపి, పెట్టెలో జాగ్రత్తగా పెట్టింది.

"చక్రాలెన్ని అత్తా?"

"చక్రాలేడ ఉండాయి?"

"లోపల!"

"నాయనా, ఆడ చక్రాల్లేవు. నాలుగు ఇనప గుండిగలుండాయి. మన ఇల్లంతేసి ఉంటాది ఒక్కోటి. మూడు అరుస్తాండాయి. ఒకటి మూగది."

"నీళ్ళు?"

"నీళ్ళు కనపళ్ళా. ఒక్క సుక్క లేదు. నేల అద్దం మాదిరి ఉండాది, మొకం కనపడతాంది. అదురుతాంది గానీ. తిరగలి ఇసిరేటప్పుడు పక్కన చెయ్యి పెడితే అదరదా, అట్ల."

"కుడికి తిరుగుతున్నాయా, ఎడమకా?"

"మూత పెట్టిన కుండలో ఏం తిరుగుతాందో నాకెట్ల తెలుస్తాది? గడియారాలు మాత్రం శానా ఉండాయి. గోడ నిండా గడియారాలే. ఒక్కటీ సరిగ్గా లేదు, ఒక్కోటి ఒక్కో టైము. ఒకాయన కుర్చీలో కూచోని వాటినే చూస్తాండాడు. అన్ని గడియారాలు పెట్టుకోని ఒక్కటన్నా సరి చేయించుకోరు చూడు!"

అవి గడియారాలు కావని, కరెంటు కొలిచే మీటర్లని చెప్పాను.

"చూసింది నువ్వా, నేనా?" అంది అత్త.

ఇంకో మాట కూడా చెప్పింది. గుండిగకు కుంకుమ పెడదామని పోతే అప్పటికే మూడు బొట్లున్నాయట, ఎండిపోయి. ఆయుధపూజకు పెట్టినవేమో. ఆమె నాలుగోది పెట్టింది. కుర్చీ ఆయన చూసి కూడా ఏమీ అనలేదట. నేను చదివిన పత్రికల్లో బొట్టు ఊసు ఎక్కడా లేదు.

శ్రీరంగంలో దర్శనం అయింది. మామ మొక్కు తీరింది. నాకు దేవుడి ముందు నిలబడ్డా ఆ నాలుగు గుండిగలే. తిరుగుదారిలో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాను. నేను చూశానని చెబితే మార్కాపురంలో కాదనేవాడెవడు? గేటు దాకా పోయిన మాట నిజం. నీళ్ళు చూసిన మాట నిజం. లోపలిదంతా అత్త చెప్పింది, నేను చదివింది కలిపితే ఒక గంట సునాయాసంగా మాట్లాడొచ్చు. ఎదురుగా అత్త మద్రాసులో కొన్న గాజులు చేతికి ఎక్కించుకుంటోంది. ఆమె కంభంలో ఉంటుంది, పఠనమందిరానికి రాదు.

ఆ తరువాతి శనివారం నాకు కుర్చీ వేయించారు. కార్యదర్శి ముందు వరసలో కూర్చున్నారు. "చూసి వచ్చినోడు" అని నలుగురికీ చెప్పారు. నేను కాదనలేదు. పెద్ద పలక తీసుకుని బొమ్మ మొదలుపెట్టాను. చెయ్యి దానంతటదే పాత బొమ్మ వేయబోయింది. పైన నీళ్ళు, కింద నిలువు చక్రం. సగంలో ఆగాను. అత్త మాటే నిజమైతే ఈ బొమ్మ తప్పు. తుడిచేసి నాలుగు గుండిగలు వేశాను. నున్నని నేల గురించి చెప్పాను, తిరగలి పక్కన పెట్టిన చేతిలా అదరడం చెప్పాను. మీటర్లని మీటర్లనే చెప్పాను. జనం ముందుకు జరిగారు. మూడు అరుస్తున్నాయి, ఒకటి మూగగా ఉంది అన్నాను.

"అదెందుకు మూగది?" అని వెనక నుంచి పలకల గని మేస్త్రీ అడిగాడు.

నాకు తెలియదు.

"చెడిపోయిందా? నీళ్ళు చాల్లేదా?"

"తెలియదు" అన్నాను.

"ముందరే నిలబడుకోని చూసినావు గదప్పా, పక్కనున్నోణ్ణి ఒక్క మాట అడగలేదా?" అన్నారు కార్యదర్శి.

పుస్తకంలో లేని ప్రశ్న. నీరు చాల్లేదని అనొచ్చు, అయితే కాలువలో నురుగు కక్కిన నీళ్ళు నా కళ్ళతో చూశాను. చెడిపోయిందని అనొచ్చు, ఎవరు కాదంటారు? కానీ ఏది చెప్పినా అది ఇకమీదట మార్కాపురంలో నిజమై కూర్చుంటుంది, నేను చూశానని కదా చెప్పింది.

"నేను చూడలేదు. మా అత్త చూసింది. నేను గేటు దగ్గిర కూచున్నా, చెప్పుల్లేక" అన్నాను.

పఠనమందిరంలో అంత నవ్వు అంతకు ముందూ లేదు, తరువాతా లేదు. నేను అయస్కాంతం సంగతి మొదలుపెట్టాను. ఎవరికీ అక్కర్లేదు. అందరికీ మూగ గుండిగే కావాలి. అయిదేళ్ళు చదివి తెలుసుకున్నదాన్ని ఒక్కడూ అడగలేదు. కార్యదర్శి కళ్ళు తుడుచుకుంటూ, "చెప్పినోణ్ణి తప్పు పట్టం. కానీ చూసినామెను అడిగి రా. వచ్చే వారం కూడా కుర్చీ వేయిస్తా" అన్నారు.

ఆదివారం మార్కాపురం రోడ్డు స్టేషనులో బండి ఎక్కాను. తర్లుపాడు దాటితే కంభమే. అత్త వాకిట్లో కందులు చెరుగుతోంది. ఆ నాలుగో గుండిగ ఎందుకు తిరగడం లేదో ఎవరినన్నా అడిగావా అన్నాను.

"అడక్కుండా వస్తానా? కుర్చీ ఆయన్నే అడిగినా. శానాసేపు చెప్పినాడు పాపం, చేతులు తిప్పి తిప్పి."

"ఏం చెప్పినాడు?"

"అంతా అరవం."

ఆ చేతులెట్లా తిప్పాడో అదన్నా చూపించమన్నాను. అత్త చేట పక్కన పెట్టి, కుడి అరచెయ్యి బోర్లించి, ఎడమ పిడికిలి దాని కింద రెండుసార్లు తిప్పి, టక్కున ఆపి, రెండు చేతులూ విడదీసింది. నేను పలక తీసి గీశాను. సరిగ్గా పట్టుకున్నానో లేదో అని ఇంకోసారి చూపించమన్నాను.

రెండోసారి పిడికిలి అరచెయ్యికి పైన ఉంది.